షేడ్‌నెట్ రివ్యూ: నీడ సంగతి సరే, గాలొస్తే దించగలమా?

షేడ్‌నెట్ అంటే మొక్కలకి ఎండ తగ్గించడానికి పైన కట్టే వల. మే నెల ఎండకి ఏ నెట్ కట్టినా నీడ పడుతుంది, అందులో పెద్ద గొప్పేం లేదు. దాని బండారం బయటపడేది కార్తీకం నుంచి పుష్యం దాకా వచ్చే గాలివానల్లో. అందుకే ఎండాకాలం దాకా ఆగకుండా ఇప్పుడే, సంక్రాంతి ముసురు వదిలి మిద్దె మీద ఇంకా బురద ఆరకముందే, కూర్చుని రాస్తున్నా.

ముందే తేల్చి చెప్పేస్తా. మోనో నెట్ (గుండ్రటి దారంతో అల్లింది), దాని అంచుకి ఐలెట్లు, అంటే తాడు దూర్చే రింగులు, లాగితే ఊడే తాడు ముడి, ఈ మూడూ కలిసి ఉన్నది అయితేనే డబ్బులు పెట్టండి. చదును దారంతో అల్లిన టేపు నెట్‌ని బైండింగ్ వైరుతో, అంటే సన్నటి ఇనుప తీగతో బిగించే పద్ధతి మా నెల్లూరుకి పనికిరాదు, ఎంత చవకగా ఇచ్చినా సరే.

రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి చెప్తున్నా. మిద్దె మీద జీఐ పైపుల ఫ్రేముకి కట్టింది మోనోఫిలమెంట్ నెట్, చుట్టూ అంచు మడిచి కుట్టి ఐలెట్లు కొట్టించాం. కింద ఇంటి పక్కన ఒక ఖాళీ స్థలం ఉంది, దాని ఓనరు బెంగుళూరులో ఉంటారు, పిచ్చిమొక్కలు పెరగకుండా చూసుకుంటే చాలు మీకిష్టమైంది వేసుకోండి అన్నారు. అక్కడ సర్వి కర్రలు పాతి, బజారులో రోల్‌లోంచి కోయించుకొచ్చిన మామూలు టేపు నెట్ కట్టాం. పైన వంకాయ, మిరప, టమాటా, ఆకుకూరలు, కరివేపాకు. కింద చిక్కుడు పందిరి, సొర, నాలుగు అరటి పిలకలు, మునగ, కాస్త పాలకూర. రెండు నెట్లకీ తగిలింది ఒకే గాలి, ఒకే వాన. ఫలితాలు మాత్రం ఒకటి కాదు.

వేరే ఊళ్ళ వాళ్ళకి మా వాతావరణం గురించి కాస్త చెప్పాలి. మాకు నైరుతి పేరుకే. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల పడుతుంది, దాంతోపాటే బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాయుగుండాలు. ఒక్కోసారి జనవరిలో, పండక్కి అల్లుళ్ళు దిగే టైముకి కూడా ముసురు పట్టుకుంటుంది. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2022 డిసెంబరులో మాండూస్ తుపాను తమిళనాడులో మహాబలిపురం దగ్గర తీరం దాటినా ఇక్కడ వాన దంచింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర దాటింది, అప్పుడు గాలి గంటకి 90 నుంచి 100 కిలోమీటర్లు అని చెప్పారు. దాటడానికి ముందు అది మన తీరం పక్కనే ఉత్తరానికి జరుగుతూ పోయింది, నెట్ కట్టుకునేవాళ్ళు ముఖ్యంగా గమనించాల్సింది ఇదే. తుపాను మనకి తూర్పున సముద్రంలో ఉన్నంతసేపు గాలి ఉత్తరం నుంచి కొడుతుంది, అది మనల్ని దాటి పైకి పోయాక అదే గాలి పడమరకి, నైరుతికి తిరుగుతుంది. సాయంత్రం ఒకవైపు బిగించి హాయిగా పడుకుంటే తెల్లారేసరికి గాలి రెండోవైపు నుంచి నెట్ కిందకి దూరి పైకి ఎత్తేస్తుంది. ఫ్రేము వేసేవాళ్ళు ఎవరూ ఈ సంగతి చెప్పరు.

ఇంకోటి, గాలి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. మామూలు రోజుల్లో గట్టిగా నిలబడ్డ నెట్ తుపాను రోజు కూడా నిలబడుతుందని అనుకోవడానికి లేదు. సగం చిల్లులే కదా గాలి వెళ్ళిపోతుంది అంటారు షాపులో. చిల్లులు సగమే, మిగతా సగం బట్టే కదా మరి.

ఇప్పుడు అసలు నెట్ల గురించి. దుకాణంలో అడిగితే ముందు పర్సంటేజీ చెప్తారు, 50, 75, 90 అని. అంటే అంత శాతం ఎండని ఆపుతుందని అర్థం. కూరగాయలకి 50 చాలు, 75 అయితే నర్సరీ మొక్కలకి, ఇండోర్ రకాలకి. 90 కార్లకి కప్పుకోడానికి తప్ప కూరగాయల మీద దండగ, పైగా వాన పడితే మధ్యలో సాగి నీళ్ళు నిలుస్తాయి, ఆ బరువుకి ఫ్రేము కూడా వంగుతుంది. ఒంగోల్లో మా వదిన వాళ్ళింట్లో అదే జరిగింది, ఎవరో చెప్తే 90 శాతం నెట్ వేయించారు, తొలి ముసురుకే మధ్య పైపు కిందికి దిగింది.

పర్సంటేజీ కన్నా ముందు అడగాల్సింది నూలు గురించి. టేపు నెట్‌లో దారం చదునుగా, పల్చటి రిబ్బన్ ముక్కలా ఉంటుంది. మోనోలో గుండ్రంగా, చేపల వల దారంలా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే ఇట్టే తెలిసిపోతుంది, టేపుది గరగరమని శబ్దం చేస్తుంది, మోనో చేయదు. చదును దారం గాలిని ఎక్కువ పట్టుకుంటుంది, ఎండకి పెళుసెక్కి పొరలు పొరలుగా చీలి ఆకుపచ్చ పీచు కింద మొక్కల మీద రాలుతుంది. మా కింద స్థలంలో పాలకూర కోస్తే ఆకుతోపాటు ఆ పీచు కూడా చేతికొచ్చేది, కడిగి కడిగి విసుగొచ్చింది. షేడ్‌నెట్లకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఉంది, ఐఎస్ 16008. అందులో మొదటి భాగం టేపు నూలుది, రెండోది మోనోఫిలమెంట్‌ది. షాపులో ఆ నంబరు అడిగితే చాలామంది మొహం చూస్తారు, కానీ రోల్ మీద ప్రింటు ఉంటే చూపిస్తారు. యూవీ స్టెబిలైజ్డ్, అంటే ఎండకి తొందరగా పెళుసెక్కకుండా చేసింది అని నోటితో చెప్పేదానికి విలువ లేదు, అదేదో బిల్లు మీద రాయించుకోండి.

మోనో ధర టేపు దానికి దాదాపు రెట్టింపు పడింది మాకు. ఐలెట్లు, అంచు కుట్టుబడి వేరే. కొనేటప్పుడు మా ఆయన గొణిగాడు, ఎండకి గొడుగు పట్టడానికి ఇంత ఖర్చా అని. ఇప్పుడు గొణగడం లేదు.

కట్టే పద్ధతి దగ్గరికి వద్దాం, ఎందుకంటే నెట్ చిరిగేది నెట్ మధ్యలో కాదు, కట్టిన చోట. కింద స్థలంలో బైండింగ్ వైరుతో కట్టించాం. పని చేసినాయన కటింగ్ ప్లేయర్ పెట్టి బిర్రుగా మెలిపెట్టాడు, చూడటానికి ముచ్చటగా ఉండింది. గాలివాన అయ్యాక వెళ్ళి దగ్గరగా చూస్తే వైరు ఎక్కడికక్కడే కర్రకి బిగిసి ఉంది, వైరు లోపల నెట్ లేదు. గాలికి ఊగిన ప్రతిసారీ ఇనుప తీగ ఆ దారాన్ని రంపంలా కోస్తూ పోయిందన్నమాట. ముందు వేలు పట్టేంత చిల్లు, దాని పక్కనే ఇంకోటి, రెండూ కలిసి జానెడు చీలిక, తర్వాత ఆ మూలంతా లేచిపోయింది. లేచిన మూల ఊరికే ఉండదు కదా, రాత్రంతా చిక్కుడు పందిరి మీద టపటపా కొడుతూనే ఉంది. పూత మొత్తం కింద పరుచుకుంది. చిక్కుడు పూసేదే చలికాలంలో పగలు తగ్గినప్పుడు, మా నాటు రకం మార్గశిరం, పుష్యంలోనే కాస్తుంది, ఆ పూత పోతే ఆ ఏడాదికి కాపు సగం పోయినట్టే.

ప్లాస్టిక్ కేబుల్ టైలు ఇంకో బాపతు. తెల్లవి ఎండకి పెళుసై చిటుక్కున విరిగిపోతాయి, నల్లవి కాస్త నయం. కానీ టైతో ఇబ్బంది ఏంటంటే దించాలంటే కత్తిరించాలి, మళ్ళీ కట్టాలంటే కొత్తవి కొనాలి. హడావుడిగా వాన మొదలైపోతుంటే చీకట్లో కత్తెర పట్టుకుని టైలు వెతుక్కోవడం ఎవరికి కావాలి చెప్పండి.

మిద్దె మీద నెట్‌కి మాత్రం ఐలెట్లలోంచి నైలాన్ తాడు ముక్కలు దూర్చి పైపుకి జారుముడి వేశాం. ఒక కొస లాగితే ముడి ఊడిపోతుంది, చెప్పుల లేసు విప్పినంత పని. కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో రాగానే నేనూ మా అబ్బాయీ పైకెక్కి, గాలి వచ్చే వైపు ముడులు ఆఖరికి ఉంచి, మిగతావి ఊడదీసి, చాప చుట్టినట్టు చుట్టి మెట్ల గదిలో పడేశాం. టీ కాచుకునేంత టైము కూడా పట్టలేదు. మూడో నంబరు అంటే పోర్టు దగ్గర ఈదురుగాలులు వచ్చే సూచన ఉందని, ఒకటో నంబరు అంటే ఎక్కడో దూరంగా సముద్రంలో వాయుగుండం ఉందని. నేనైతే ఇప్పుడు ఒకటో నంబరుకే దించేస్తున్నా, ఎందుకు వచ్చిన టెన్షన్.

పక్కింటి తాత వాళ్ళది మైపాడు వైపు, వయసులో ఉన్నప్పుడు వేటకి వెళ్ళినాయన. మేము నెట్ చుడుతుంటే పిట్టగోడ మీదుగా చూసి, "గాలొస్తుంటే తెరచాప దించరా ఏందమ్మా, దానికింత ఆలోచన దేనికి" అన్నాడు. ఆయన అంత తేలిగ్గా అనేసిన మాట ఫ్రేము వేసే కుర్రాడికి ఎంత చెప్పినా ఎక్కలేదు.

ఆ కుర్రాడి పని గురించి కూడా రాయాలి కదా, పేరు చెప్పను గానీ. కొలతలు బాగా తీసుకున్నాడు, పైపుల కోతలు నీట్‌గా ఉన్నాయి, ప్రైమర్ వేసి మరీ పెయింటు వేశాడు, ఇవన్నీ మెచ్చుకోవాల్సిందే. చెప్పిన రోజుకి రాకపోవడం, ఫోన్ ఎత్తకపోవడం అందరూ చేసేవే, దానికి మార్కులు తగ్గించను. గొడవంతా రెండు విషయాల్లో. ఒకటి, నెట్ చుట్టూ పట్టీ పెట్టి స్క్రూలు కొట్టేస్తానని పట్టుబట్టాడు. "అక్కా, ఒకసారి బిగిస్తే పదేళ్ళు చూడనక్కర్లేదక్కా, ఎట్టాంటి గాలికీ కదలదు" అంటాడు. అది కదలకపోతే నాకేం లాభం నాయనా, నెట్ కదలకపోతే ఫ్రేము కదులుతుంది, ఫ్రేము కదలకపోతే పిట్టగోడ పగులుతుంది, ఎక్కడో ఒకచోట ఆ బలం తేలాలి కదా. రెండోది, స్తంభాలకి శ్లాబులో డ్రిల్ వేసి యాంకర్ బోల్టులు దించుతానన్నాడు. మూడు నెలలు నీళ్ళు నానే మిద్దెలో బొక్కలు పెడితే కింద గదిలో ఉరుపు ఖాయం. పిట్టగోడకే యూ క్లాంపులు వేసి నిలబెట్టమన్నాం, దానికి ఎక్స్‌ట్రా తీసుకున్నాడు, తీసుకుంటే తీసుకున్నాడు. ఇప్పటిదాకా ఎక్కడా చెమ్మ లేదు.

అసలు నాకు నవ్వొచ్చేది ఏంటంటే, ఇంత కష్టపడి గాలివానకి నిలబెట్టాలనుకునే ఆ కాలంలో నెట్‌తో మొక్కలకి పనే లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ఎండ కూరగాయలకి ఒళ్ళు కాచుకునే ఎండ, అసలే మబ్బు రోజులు ఎక్కువ. అప్పుడు కూడా నెట్ ఉంచితే టమాటా సన్నగా సాగిపోతుంది, మిరప పూత తగ్గుతుంది, ముసురు తర్వాత తడి ఆరక బూజు తెగులు సొర మీద, బీర మీద కూర్చుంటుంది. మంచు పడే పొద్దుల్లో ఆకు ఎంత తొందరగా ఆరితే అంత మంచిది. కాబట్టి దీపావళికి దించేయడం, శివరాత్రి దాటాక మళ్ళీ ఎక్కించడం. చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, సరిగ్గా అప్పటి నుంచే మా మిద్దె కాలడం మొదలవుతుంది. మరి ఈసారి దీపావళికి ఎందుకు దించలేదంటే, కొత్తిమీర విత్తులు వేశాను, వాన చినుకు నేరుగా పడితే చిన్న మొలక భూమికి అతుక్కుపోతుంది, దాన్ని కాపాడటానికి ఉంచాను. అది ఒక్కటే చలికాలంలో నెట్‌కి నేనిచ్చే పని. దానికైనా చిన్న ముక్క చాలు, మిద్దె మొత్తం కప్పక్కర్లేదు.

నెట్ దించేశాక గాలి నేరుగా మొక్కలకి తగలదా అని ఒకరిద్దరు అడిగారు. తగులుతుంది. వంగ మొక్కలు కొన్ని పక్కకి ఒరిగాయి, కర్ర పాతి గుడ్డ పీలికతో వదులుగా కట్టి, మొదట్లో మట్టి తొక్కితే నిలబడ్డాయి. గ్రో బ్యాగులు పిట్టగోడ పక్కకి ఒకదానికొకటి ఆనుకునేలా జరిపాం, మట్టి తడిసిన బ్యాగు ఎత్తలేనంత బరువు, దానంతటదే కదలదు. కింద చిల్లులు మూసుకుపోకుండా చూసుకోవడమే ముఖ్యం, లేకపోతే వేళ్ళు కుళ్ళి మిరప ఎండకొచ్చిన రోజున వాడిపోతుంది, నీళ్ళు లేవనుకుని మనం ఇంకా పోస్తాం. వాన తెరిపిచ్చాక నీళ్ళు ఆపేసి, పైమట్టి వేళ్ళతో కదిపి, సూడోమోనాస్ (తెగుళ్ళని ఆపే మేలుచేసే బ్యాక్టీరియా పొడి) లీటరుకి పది గ్రాములు కలిపి మొదట్లో పోశాను. చిక్కుడుకి పేనుబంక పట్టింది, అది ఏటా ఈ మబ్బులకి పట్టేదే. ముందు నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టి, తర్వాత వేపనూనె లీటరుకి ఐదు మిల్లీ, రెండు చుక్కలు సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లాను. మల్లెకి మాత్రం ఈ గాలివాన మేలే చేసింది అనుకోండి, ఎటూ జనవరిలో కొమ్మలు కత్తిరించాల్సిందే, కొన్ని అదే కత్తిరించి పెట్టింది.

అరటి పిలకల్లో రెండు పడ్డాయి, మునగ కొమ్మ విరిగింది. వాటికీ నెట్‌కీ సంబంధం లేదు, మునగ ఎక్కడున్నా విరుగుతుంది, మళ్ళీ చిగురిస్తుంది.

ఎండాకాలం పనితనం గురించి ఒక్క ముక్క చెప్పకపోతే రివ్యూ పూర్తికాదు. పోయిన ఏప్రిల్, మేలో మోనో 50 శాతం కింద ఆకుకూరలు బతికాయి, మిరప నిలబడింది, కరివేపాకుకి అసలు నెట్టే అక్కర్లేదు. టమాటాకి మాత్రం నెట్ వేసినా మేలో పిందె నిలవలేదు. రాత్రి పూట కూడా తగ్గని మన ఉక్కకి నెట్ ఏం చేస్తుంది పాపం. నెట్ వేస్తే ఎండాకాలంలో టమాటా విరగకాస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. రంగు విషయంలో ఆకుపచ్చ, తెలుపు రెండూ చూశాను, తెల్లదాని కింద వెలుతురు బాగుంటుంది గానీ మన దుమ్ముకి ఒక్క సీజన్‌లో మాసిపోతుంది. కళ్ళకి కూడా ఆకుపచ్చే హాయి, ఇది నా సొంత ఇష్టం.

మార్కులు అడుగుతారు కాబట్టి: మోనో నెట్‌కి ఐదుకి నాలుగున్నర, ఆ అర ఎందుకు తగ్గించానంటే రెండు ఐలెట్ల దగ్గర రింగు ఊడొచ్చింది, కుట్టు మాత్రం ఊడలేదు. టేపు నెట్‌కి ఒకటిన్నర, అది కూడా చిరిగినాక ముక్కలు చేసుకుంటే ఎండుమిరపకాయలు ఆరబోసుకోడానికి, విత్తనాల మళ్ళ మీద కోళ్ళు రాకుండా కప్పడానికి పనికొస్తున్నాయి గనక. ఫ్రేము పనికి మూడున్నర.

సొంత మిద్దె కాకుండా అద్దె ఇల్లు అయితే ఫ్రేము జోలికి పోవద్దు, పిట్టగోడల మధ్య గట్టి తాళ్ళు లాగి వాటి మీద నెట్ పరిచి కట్టుకుంటే సరిపోతుంది, దించడం ఇంకా తేలిక. సముద్రానికి దగ్గర ఊళ్ళ వాళ్ళు, మైపాడు, కోడూరు, అటు కొత్తపట్నం వైపు వాళ్ళు, ఇనుప రింగులు వద్దు, ఉప్పుగాలికి తుప్పు పట్టి తాడుని కోస్తాయి, ఇత్తడివో అల్యూమినియంవో అడగండి. ఐలెట్లు మామూలుగా మూడడుగులకి ఒకటి కొడతారు. అడుగున్నరకి ఒకటి కొట్టమనండి, మూలల్లో పక్కపక్కనే రెండు, వాటి కింద నెట్ రెండు మడతలు పెట్టి కుట్టమనండి. కుట్టేవాడు దానికి వేరే డబ్బులు అడుగుతాడు, అక్కడ మాత్రం బేరమాడకండి.